మధుమేహమునకు మూలికలు: వానిని పరీక్షించు విధము

ఒకనికి మధుమేహము గలదని తెలిసినతోడనే ఊరిలోని నలుగురును నాలుగు మూలికలు చెప్పుదురు. ఒకరు కాకరరసమందురు, ఒకరు నేరేడు గింజల చూర్ణమందురు, వేరొకరు పొడపత్రిని, మరియొకరు పెరటిలోని బిళ్ళగన్నేరు ఆకును నమలుమందురు. వీనిలో ఏది పనిచేయునో తేల్చుట యెట్లు? శాస్త్రజ్ఞులు మూలికలను పరీక్షించు పద్ధతిని, దానివలన మనము గ్రహింపదగిన దానిని ఇచ్చట వివరింపదలచితిమి.

మనము తినిన అన్నము చక్కెరయై రక్తమున చేరును. అది దేహమునకు ఉపయోగపడుటకు క్లోమమను గ్రంథియందు పుట్టు ఇన్సులిన్ అను రసము కావలెను. ఆ రసము చాలకపోయినను, సరిగా పనిచేయకపోయినను చక్కెర రక్తములోనే నిలిచిపోవును. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 100 మిల్లీగ్రాములకు లోపుగ నుండవలెను. అది 126 గాని అంతకు మించి గాని యున్నట్లు మరల చేసిన పరీక్షలో సైతము తేలినచో దానిని మధుమేహమందురు.

మూలికను పరీక్షించు పద్ధతి మన రైతులకు క్రొత్తది కాదు. క్రొత్త ఎరువును చేనంతయు చల్లి, పంట పండినది గనుక ఎరువు మంచిదనుట చెల్లదు. ఆ యేడు వానలే బాగుగ కురిసియుండవచ్చును. ఒకే నేలలో, ఒకే విత్తనముతో, ఒక మడికి ఎరువు వేసి ప్రక్కమడికి వేయక రెండింటి ధాన్యమును కొలిచి చూడవలెను. ఆకు తినువాడు ఆ దినములలోనే తీపి మానును, అన్నము తగ్గించును, ఉదయమున నడచును. చక్కెర తగ్గినది ఆకువలననో పథ్యమువలననో అతనికే తెలియదు.

పరీక్షాశాలలో మొదటి పని మొక్కను వృక్షశాస్త్రజ్ఞునిచే గుర్తింపజేయుట. ఒకే పేరు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క మొక్కకు చెల్లుట గలదు. పిదప ఆకును నీడన ఆరబెట్టి, పొడిచేసి, నీటిలోను ఆల్కహాలులోను వేరువేరుగ నానవైచి, వడగట్టి, ఇగిర్చి సారమును తీయుదురు. ఆకును ఏ నేలలో, ఏ ఋతువున కోసినదియు వ్రాసికొందురు. వీనినిబట్టి గుణము మారును.

పిమ్మట ఎలుకలకు అలాక్సాన్ గాని స్ట్రెప్టోజోటోసిన్ గాని యిచ్చి, ఇన్సులిన్ పుట్టించు కణములను చెరచి, మధుమేహమును కలిగింతురు. వానిలో ఒక జట్టునకు వట్టి నీరు, ఒక జట్టునకు గుణము తెలిసిన మందు, తక్కిన జట్లకు మూలికాసారమును వేరువేరు మోతాదులలో నిత్తురు. పోల్చుటకు వ్యాధిలేని జట్టు ఒకటి యుండును. చక్కెర ఎంత తగ్గినది, కాలేయమునకును మూత్రపిండములకును హాని కలిగినదా అని వారముల తరబడి చూతురు.

ఎలుకకు పనిచేసినది మనుష్యునకు పనిచేయునని నిశ్చయము లేదు. కావున రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టునకు మూలికను, రెండవదానికి చూపున కట్లేయుండు గుణములేని గుళికను ఇత్తురు. ఎవరికేది యిచ్చినదియు రోగికిగాని వైద్యునకుగాని తెలియనీయరు. మూడునెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ అను రక్తపరీక్ష ఇందులకు తోడ్పడును.

ఇంత శ్రమ యెందుకని అడుగువారికి బిళ్ళగన్నేరు కథయే సమాధానము. జమైకా ద్వీపమున దీని ఆకుల కషాయమును మధుమేహమునకు త్రాగుచుండిరి. 1952లో ఆ యాకులు కొన్ని కెనడా దేశమునకు వచ్చినవి. అచ్చట రాబర్ట్ నోబుల్ అను శాస్త్రజ్ఞుడు సారమును ఎలుకలచే త్రాగించి చూడగా చక్కెర తగ్గలేదు. సూదిద్వారా ఎక్కింపగా ఎలుకలు అంటురోగములచే చనిపోయినవి. వాని రక్తమున రోగముల నెదిరించు తెల్లకణములు మిక్కిలి తగ్గిపోయియుండెను! 1958లో నోబుల్, చార్లెస్ బీర్ అనువారు ఈ గుణముగల పదార్థమును వేరుచేసినట్లు ప్రకటించిరి. అదియే నేడు రాచపుండు చికిత్సలో వాడు విన్‌బ్లాస్టిన్. తరువాత కొన్ని జంతుపరీక్షలలో ఈ మొక్కవలన చక్కెర తగ్గినట్లు తేలినను, మనుష్యులకు అది క్షేమమని స్థిరపడలేదు. ఇట్టి ఆకును దినదినము నమలుట ఎంత సాహసమో యోచింపుడు.

మూలికలన్నియు వ్యర్థములని మా యభిప్రాయము కాదు. ఐరోపావారు పూర్వము మూలికగ వాడిన గెలీగా అను మొక్కలో గెలిజీన్ అను పదార్థము గలదు. అది చక్కెరను తగ్గించును గాని విషము. ఆ జాతి పదార్థములపై జరిగిన పరిశోధనలనుండియే మెట్‌ఫార్మిన్ వచ్చినది. 1957లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ దానిని రోగులకిచ్చి ఫలితములను ప్రకటించెను. నేడు మన గ్రామములలో పెక్కుమంది మ్రింగు మాత్ర యిదియే.

కావున సభ్యులకు మేము మనవి చేయునది యిది. ఆకును నమ్మి వైద్యుడిచ్చిన మందును మానకుడు. ఇన్సులిన్‌పైనే ఆధారపడినవారు దానిని మానినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. మూలికను వాడదలచినవారు ముందుగ వైద్యునకు చెప్పి, రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. మాత్రతోపాటు మూలికయు పనిచేసినచో చక్కెర మితిమీరి పడిపోయి చెమట, వణుకు, స్పృహ తప్పుట కలుగవచ్చును. చేని ఎరువును కొలతతో నిర్ణయించు రైతు తన దేహమునకు వేయు మందును వినికిడిపై నిర్ణయింపరాదు.