ఇల్లు లేని రోగికి మందుచీటీ ఒక్కటే చాలదు

"కాలు ఎక్కువగా కింద పెట్టకండి. కట్టు తడవనీయకండి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంచండి." షుగరు వల్ల పాదానికి పుండు పడి వచ్చిన ప్రతి రోగికీ మేము చెప్పే మాటలివి. ఒక సాయంత్రం కట్టు కట్టే గదిలో ఈ మాటలే విన్న ఒక పెద్దాయన నవ్వి, "ఏ ఫ్రిజ్‌లో పెట్టమంటారు సిస్టరమ్మా?" అని అడిగాడు.

ఆయన పడుకునేది బస్టాండు పక్కన, మూసేసిన కొట్టు అరుగు మీద. వాన పడితే కట్టు తడుస్తుంది. అర్ధరాత్రి ఎవరైనా లేపితే లేచి నడవాలి. నిద్రలో సంచి పోతే మందులు, చీటీ, ఆధార్ కార్డు అన్నీ దానితోనే పోతాయి. మా సలహాల్లో చాలావరకు ఇల్లున్నవారి కోసమే చెప్పినవని ఆ రోజు మాకు అర్థమైంది.

నిరాశ్రయులు ఎవరు?

ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మెట్లు, సిమెంటు తూముల్లో బతికేవారిని జనాభా లెక్కల్లో ఇల్లు లేనివారిగా లెక్కిస్తారు. 2011 లెక్కల్లో మన దేశంలో వీరు 17 లక్షల 70 వేలకు పైగా ఉన్నారు. వారిని లెక్కించింది ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రిలో. ఆ రాత్రి కంటపడనివారు లెక్కలోకి రాలేదు.

వీధిన ఎందుకు పడతారు?

"పని చేయడానికి బద్ధకం" అనుకోవడం పొరపాటు. వీరిలో చాలామంది పని చేస్తూనే ఉంటారు. మూటలు మోస్తారు, రిక్షా తొక్కుతారు, పెళ్లిళ్లలో అంట్లు తోముతారు, చిత్తుకాగితాలు ఏరుతారు. ఆ కూలి పూటకు సరిపోతుంది కానీ గది అడ్వాన్సుకు సరిపోదు. కొందరు పంటలు పోయి ఊరు వదిలినవారు. కొందరు ఇంట్లోంచి గెంటివేయబడిన స్త్రీలు, పిల్లలు వదిలేసిన వృద్ధులు. మానసిక వ్యాధితో దారి తప్పినవారు, తాగుడుకు బానిసైనవారు కూడా ఉంటారు.

చాలామంది కథలో ఎక్కడో ఒక జబ్బు ఉంటుంది. జబ్బు పనిని పోగొడుతుంది, పని పోతే అద్దె ఆగుతుంది. వీధిన పడ్డాక ఆ జబ్బే ముదురుతుంది. ఇరుకుగా పడుకునే చోట క్షయ, గజ్జి సులువుగా అంటుకుంటాయి. మందు రోజూ వేసుకోలేక బి.పి., షుగరు, ఫిట్స్ అదుపు తప్పుతాయి. కుక్క కరిస్తే మొదటి ఇంజెక్షన్ పడుతుంది, మిగిలినవి పడవు.

మనం ఏం చేయగలం?

1. పేరు అడగండి. రోజూ ఒకే దారిన వెళ్లే మీరు ఆ మనిషి దగ్గు పెరగడాన్ని, కాలు వాయడాన్ని అందరికంటే ముందు గమనించగలరు.

2. క్రమంగా ఇవ్వండి. పండుగ నాడు ఒకే చోట పది పొట్లాలు చేరతాయి, మర్నాడు ఒక్కటీ ఉండదు. వారంలో ఒక పూట మీదని పెట్టుకోండి. మిఠాయిల కంటే అన్నం, పప్పు, గుడ్డు మేలు.

3. దాచిపెట్టండి. మీకు కొట్టు ఉంటే వారి చీటీ, కార్డు, మందులు మీ దగ్గర ఉంచండి. దీనికి పైసా ఖర్చు లేదు.

4. ఆసుపత్రికి తోడు వెళ్లండి. "మీ వెంట ఎవరు వచ్చారు?" అన్న ప్రశ్నకు జవాబు లేక వెనుదిరిగేవారు ఉన్నారు. ఓ.పి. చీటీ రాయించి, తిరిగి రావలసిన తేదీ గుర్తుచేస్తే చాలు.

5. వసతి గృహం గురించి కనుక్కోండి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం, ఏడాది పొడవునా, పగలూ రాత్రీ తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఊళ్లో ఎక్కడుందో మున్సిపల్ ఆఫీసులో అడగండి. ముందు మీరే వెళ్లి చూడండి. ఖాళీ ఉందా, స్త్రీలకు వేరే గది ఉందా తెలుసుకున్న తర్వాతే పంపండి.

6. మతిస్థిమితం లేనివారిని కొట్టకండి, తరమకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తమను తాము చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవారిని పోలీసులు 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో ఉంచకూడదు. వారి కుటుంబాన్ని వెతికే బాధ్యత కూడా పోలీసులదే.

7. పడిపోయి ఉంటే "తాగాడులే" అని దాటిపోకండి. షుగరు పడిపోవడం, ఫిట్స్, తల దెబ్బ, వడదెబ్బ కూడా కావచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు: పిల్లలకు 1098, స్త్రీలకు 181, వృద్ధులకు 14567, మానసిక సమస్యలకు 14416.

ఒక హెచ్చరిక: రోజూ ఎక్కువగా తాగేవారిని "ఈ రోజే మానేస్తే అన్నం పెడతాను" అని బలవంతపెట్టకండి. ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఆ పెద్దాయన సంగతి చెప్పలేదు కదూ. బస్టాండు ఎదుటి మందుల షాపు యజమాని ఇన్సులిన్ తన ఫ్రిజ్‌లో ఉంచడానికి ఒప్పుకున్నాడు. పొద్దున, సాయంత్రం ఆయన అక్కడికే వెళ్లి వేయించుకునేవాడు. పక్కన టీ కొట్టు నడిపే ఆమె కట్టు రోజు గుర్తుపెట్టుకుని ఆటో ఎక్కించి పంపేది. రెండు వేళ్లు తీసేయక తప్పలేదు. పాదం మాత్రం దక్కింది.

వాళ్లిద్దరూ ఆయనకు ఇల్లు కట్టివ్వలేదు. ఇల్లు చేసే పనుల్లో రెండు మాత్రం వాళ్లు చేశారు. మీ వీధి చివర పడుకునే మనిషికి మీరు చేయగలిగిన ఒక్క పని ఏదో ఈ వారం ఆలోచించండి. ముందుగా పేరు అడగండి.