‘కారణం’ గడిలో కనిపించని బీడీ

ఆస్పత్రిలో మరణానికి కారణం రాసే గడిలో గుండెపోటు అని ఉంటుంది, టీబీ అని ఉంటుంది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ అని ఉంటుంది. బీడీ అని మాత్రం ఉండదు. అయినా పొగ తాగడం వల్ల మన దేశంలో ఏటా దాదాపు పది లక్షల మంది చనిపోతున్నారని తరచూ చదువుతుంటాం. ఎక్కడా రాయని మరణాలను ఎవరు లెక్కపెట్టారు?

2008లో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో ప్రభాత్‌ ఝా బృందం వేసిన అంచనా అది. ధనిక దేశాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ మరణాలను కొలబద్దగా పెట్టుకుని మిగతా లెక్క కడతారు. రిచర్డ్‌ పీటో, అలన్‌ లోపెజ్‌ 1992లో చూపిన దారి అది. మన దగ్గర కుదరదు. చాలామంది డాక్టరు చూడకుండానే, ఇంటిదగ్గరే పోతారు. పైగా ఇక్కడ పొగ చంపే తీరే వేరు.

అందుకే నేరుగా ఇళ్లకు వెళ్లారు. దేశవ్యాప్తంగా 11 లక్షల ఇళ్లు. 2001-03 మధ్య ఎవరైనా చనిపోయి ఉంటే, చివరి రోజుల్లో ఏమైంది, ఏ బాధలు పడ్డారు, పొగ తాగేవారా అని ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ రాతను డాక్టర్లు చదివి జబ్బేమిటో తేల్చారు. జబ్బు పేరు తెలియకపోవచ్చు గానీ, ‘నాన్న బీడీ తాగేవారా’ అంటే ఏ కొడుకైనా తడుముకోకుండా చెబుతాడు. అలా 74 వేల మంది మృతులను, బతికున్న 78 వేల మందితో పోల్చారు.

ఇక లెక్క. కాగితం, పెన్ను చాలు. 30-69 ఏళ్ల మగవారిలో వందకు 37 మంది పొగ తాగేవారు. వయసు, చదువు, మద్యం తేడాలను సరిచేశాక కూడా వారికి చావు ముప్పు 1.7 రెట్లు. తాగనివారికి తలా ఒక పాలు ముప్పు అనుకుంటే 63 మందికి 63 పాళ్లు. తాగే 37 మందికి 37 కాదు, అవీ దాదాపు 63. మొత్తం 126. ఎవరూ తాగకపోతే వందతో పోయేది. అదనంగా వచ్చిన 26 పాళ్లు, 126లో అయిదో వంతు. ఆ వయసులో పోయే ప్రతి అయిదుగురు మగవారిలో ఒకరు పొగ వల్లే అనేది ఇలా తేలింది. ఆడవారిలో తాగేవారు వందకు అయిదుగురే, ముప్పు రెండు రెట్లు. అక్కడ ఇరవై మందిలో ఒకరు.

ఆ ఒక్కరు ఎవరో ఈ లెక్క చెప్పదు. ‘మా తాతయ్య చుట్ట కాలుస్తూనే 85 ఏళ్లు బతికారు’ అనేవారితో దీనికి పేచీ లేదు. ముప్పు ఎక్కువంటే అందరూ పోతారని కాదు కదా!

అన్నిటికంటే ఆలోచింపజేసేది టీబీ. పొగ తాగే మగవారిలో టీబీతో చనిపోయే ముప్పు 2.3 రెట్లు, ఆడవారిలో 3 రెట్లు. బీడీ కంటే సిగరెట్‌ నయం అనుకునేవారికి ఇంకొకటి మింగుడుపడదు: బీడీ తాగే మగవారు సగటున ఆరేళ్ల ఆయుష్షు కోల్పోతుంటే, సిగరెట్‌ తాగేవారు పదేళ్లు కోల్పోతున్నారు. గుట్కా, ఖైనీ ఈ లెక్కలోకి రానేలేదు.

ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతూ పొగ తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మానడానికి సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్‌ 1800-11-2356కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.