తెప్ప గట్టు చేరు వేళ

అనకాపల్లి ప్రక్కగా పాఱు శారదానది వానకారులో నిండుగా పొరలి, వేసవి రాగానే సన్నని పాయగా మారిపోవును. అట్టి యేటిపై బరువైన తెప్పలు దినముల తరబడి సాగజాలవు. అందులకు గోదావరివంటి మహానది కావలయును. భద్రాచల ప్రాంతపు అడవులలో కొట్టిన టేకు దుంగలును, వెదుళ్లును తెప్పలుగా కట్టబడి, ఒకప్పుడు ఈ నదిమీదుగానే రాజమహేంద్రవరము చేరుచుండెడివి.

వెదురు కణుపుల నడుమ గాలి నిండియుండును. కావున అది నీటిపై సులువుగా తేలును. పచ్చిగానున్న బరువు దుంగలు కొన్ని మునిగిపోవును. అట్టివానికి వెదురుమోపులు జతచేసి తేల్చెడివారు. తెప్పకు తెరచాప లేదు, యంత్రము లేదు. ప్రవాహమే దానికి బలము.

కూనవరము వద్ద శబరి వచ్చి గోదావరిలో కలియును. అచ్చటినుండి దిగువకు సాగిన తెప్ప పాపికొండల నడుమ ప్రవేశించును. అక్కడ నది యిరుకు, లోతు మెండు, సుడులు పెక్కు. పోలవరము దాటగానే కొండలు తొలగును. నీరు విశాలముగా పరచుకొనును. రాజమహేంద్రవరము కడ నది వెడల్పు దాదాపు 3 కిలోమీటర్లు. 1900లో రైళ్లకు తెరచిన హేవలాక్ వంతెన దూరమున కానవచ్చినపుడు, అలసిన తెప్పవానికి ప్రయాణము ముగిసినట్లే తోచును.

కాని అసలు పరీక్ష అక్కడనే కలదు. నది విప్పారినచోట ఇసుకతిన్నెలు నీటి మాటున దాగియుండును. తిన్నె యెక్కిన తెప్పను మరల నీటిలోనికి నెట్టుట మిక్కిలి కష్టము. మఱియు తెప్ప నీటితో సమానమైన వేగముతో పోవును గనుక, పడవకువలె చుక్కానితో దానిని త్రిప్పుట సాధ్యము కాదు. ముందు వెనుకల నిలిచి పొడవైన తెడ్లతోను, గడలతోను కొంచెము కొంచెముగా ప్రక్కకు జరుపవలయును.

ఆపుట అంతకంటె కష్టము. ఒక ఘనమీటరు టేకు సుమారు 650 కిలోగ్రాములు తూగును. 20 ఘనమీటర్ల తెప్ప 13 టన్నులన్నమాట! అంతటి బరువు ఒక్కసారిగా నిలువదు. రేవు ఎదుటికి వచ్చిన పిమ్మట మేల్కొన్నచో ప్రయోజనము లేదు. చాల దూరమునుండియే గట్టు వైపునకు మరలవలయును. గట్టునందలి చెట్టునకో గుంజకో మోకు చుట్టి, దానిని మెల్లమెల్లగా వదలుచు వేగము తగ్గింపవలయును. ఒక్కసారి బిగించినచో మోకు తెగును.

రేవు తప్పినచో దిగువను ధవళేశ్వరము ఆనకట్ట కలదు. దానిని ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభించి 1852 నాటికి ముగించిరి. దాని స్థానమున కొత్త బ్యారేజి 1982లో పూర్తియైనది. నిండు ప్రవాహములో ఆనకట్టపై పడిన తెప్పకు కట్లు తెగి దుంగలు చెదరిపోవును. పెక్కుదినముల కష్టము ఒక్క గడియలో వ్యర్థమగును, ప్రాణములకును ముప్పు.

లారీలు వచ్చిన పిదప తెప్పల రాకపోకలు క్షీణించెను. 2021లో పోలవరము ప్రాజెక్టు కడ గోదావరిని స్పిల్‌వే వైపునకు మరల్చిరి. పాత జలమార్గము రూపు మారెను. అయినను ఆ తెప్పవారి అనుభవము మనకు పనికివచ్చునదే. సుడులు దాటితిమని వారు తెడ్డు దింపలేదు. మోకు గుంజకు బిగియు వఱకు చేతిపట్టు సడలనీయలేదు.