పచ్చిపాలు కొనండి, కాచి త్రాగండి

పాలను మన పెద్దలు ఆహారంగానూ, ఔషధంగానూ, ఔషధానికి అనుపానంగానూ వాడుతూ వచ్చారు. చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో ఆవుపాలకు పది గుణాలు చెప్పబడ్డాయి. ఓజస్సుకు ఉన్నవి కూడా ఆ పది గుణాలే కనుక పాలు ఓజస్సును వృద్ధి చేస్తాయని, జీవనీయ ద్రవ్యాలన్నింటిలో పాలే శ్రేష్ఠమని అక్కడే నిర్ణయం జరిగింది.

ఇటీవల పట్టణాలలోని గృహస్థులు కొందరు ప్యాకెట్ పాలు మాని, ఊరి చివర నాలుగైదు పశువులను పోషించుకొనే కుటుంబాల వద్ద వాడుకగా పాలు పోయించుకుంటున్నారు. ఏ పశువు పాలు త్రాగుతున్నామో తెలియడం మంచిదే. పాడి మీద బ్రతికే కుటుంబానికి నాలుగు డబ్బులు నేరుగా అందడం మరీ మంచిది. కాని దీని వెంట ఒక ప్రమాదకరమైన అలవాటు కూడా ఇళ్ళలోకి ప్రవేశిస్తున్నది. “ధారోష్ణం అమృతంతో సమానమని ఆయుర్వేదం చెప్పింది గదండీ, అందుకే పిల్లవాడికి కాచకుండానే పోస్తున్నాం” అని నా వైద్యశాలకు వచ్చే తల్లిదండ్రులు సగర్వంగా చెబుతున్నారు. శాస్త్రం పేరుతో శాస్త్రం చెప్పని పని జరుగుతున్నప్పుడు వైద్యుడు మౌనం వహించడం తగదు.

ధారోష్ణం అంటే ఏమిటి?

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానం 5వ అధ్యాయంలో పాలకు గల వివిధ స్థితులను వివరించాడు. పచ్చిపాలు గురువు, అభిష్యంది. అనగా జీర్ణానికి బరువై, స్రోతస్సులను జిగటతో అడ్డగించి కఫాన్ని పెంచేవి. తగుమాత్రంగా కాచిన పాలకు ఈ దోషాలుండవు. అతిగా మరిగించినవి మళ్ళీ గురువులవుతాయి. పొదుగు నుండి ధారగా పడుతూ ఆ వెచ్చదనం ఇంకా ఆరని పాలు అమృతతుల్యం. ధారోష్ణాన్ని మెచ్చుకున్న చోటనే పచ్చిపాలను ఆయన దోషయుక్తాలన్నాడు. మనవారు చివరి మాట పట్టుకొని మొదటి మాట విడిచిపెట్టారు.

ధారోష్ణం అనేది పాలలో ఒక రకం కాదు, పాలకు గల ఒక ఘడియ. తెల్లవారుజామున నాలుగున్నరకు పితికి, క్యానులో పోసి, బండి మీద ఆరున్నరకు మీ గుమ్మం చేరేవి ధారోష్ణాలు కావు, చల్లారిన పచ్చిపాలు మాత్రమే. పైగా భావప్రకాశంలో ధారోష్ణం ఆవుపాలకే ప్రశస్తమని, గేదెపాలు పితికిన తరువాత చల్లారాలని, గొర్రెపాలు కాచి వేడిగానూ, మేకపాలు కాచి చల్లార్చీ తీసుకోవాలని వేరువేరుగా విధించారు. మన పట్టణాలలో వాడుక పాలు అధికభాగం గేదెపాలే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

గురుకులంలో చదివే రోజులలో గోసేవ మా విద్యలో భాగం. మా గురువుగారు ధారోష్ణాన్ని ఎవరికి పడితే వారికి ఇచ్చేవారు కారు. ఆవు తన యింటిదై, దాని మేత, ఈనిక, రోగం అన్నీ తెలిసి, త్రాగేవాడు దీప్తాగ్ని కలవాడై ఉంటేనే సమ్మతించేవారు. మిగిలిన మాకందరికీ దాలిలో కాగిన పాలే. పిడకల నిప్పు మీద కుండలో సన్నసెగకు గంటల తరబడి కాగి, ఎర్రబారి, మీగడ కట్టిన ఆ పాలు తెలుగువారి లోగిళ్ళలో నిన్న మొన్నటి వరకూ ఉన్నవే. మన బామ్మలు పచ్చిపాలు పంచిపెట్టలేదు, పాలు కాచడమెలాగో నేర్పారు.

పొదుగులోనే దాగే రోగం

“కొట్టం పరిశుభ్రంగా ఉంది, చేతులు కడుక్కొని పితుకుతున్నారు, ఇంకేం భయం?” అని కొందరు అడుగుతారు. శుభ్రత బయటి మాలిన్యాన్ని ఆపుతుంది. బ్రూసెల్లా, పశువుల క్షయ వంటి రోగాల క్రిములు పశువు శరీరంలోనే ఉండి పాలలోకి దిగుతాయి. చూడటానికి పశువు నిక్షేపంగా కనిపించవచ్చును.

దీనికి మాల్టా ద్వీపం ఉదాహరణ. అక్కడి బ్రిటిషు సైనికులను దీర్ఘజ్వరం పీడించేది. ఆ జ్వరానికి కారణమైన క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ కనుగొన్నాడు. అది ఎక్కడి నుండి వస్తున్నదో 1905లో జమ్మిట్ అనే ఆ ద్వీపపు వైద్యుడు తేల్చాడు. ఆరోగ్యంగా కనిపించే మేకల పాలే మూలం. 1906లో సైనికులకు మేకపాలు మానిపించగానే వారిలో జ్వరాలు గణనీయంగా తగ్గాయి.

మన పల్లెలలో చూడి పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోవడానికి తరచుగా కారణం ఈ క్రిమియే. మనిషికి సోకితే వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. నా వద్దకు వచ్చిన ఒక నడివయస్కుడు ఇటువంటి లక్షణాలతో ఆమవాతమనుకొని కషాయాలు అడిగాడు. ప్రతిదినం చెంబెడు పచ్చిపాలు త్రాగుతున్నట్లు విచారణలో తెలిసింది. కషాయం ఇవ్వక రక్తపరీక్షకు పంపాను. బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఆసుపత్రి వైద్యులు సూచించిన ఔషధాలు పూర్తికాలం వాడి కోలుకున్నాడు.

కనుక ధారోష్ణమైనా సరే, నేడు నేను ఎవరికీ పచ్చిగా త్రాగమని చెప్పడం లేదు. పసివారు, గర్భిణులు, వృద్ధులు, రోగులు అసలే త్రాగరాదు. ఆరు నెలలు నిండే వరకు శిశువుకు తల్లిపాలే ఆహారం. ఏడాది నిండే వరకు పశువుల పాలను తల్లిపాలకు బదులుగా పట్టరాదు.

నిప్పుకు లొంగనివి

కాచితే క్రిములు నశిస్తాయి గాని అన్ని దోషాలూ పోవు. పొదుగువాపుకు సూదిమందు చేసిన పశువు పాలలో ఆ మందు అవశేషాలు కొన్ని రోజులు దిగుతాయి. బూజుపట్టిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న తిన్న పశువు పాలలోకి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఈ రెంటినీ కాచి పోగొట్టలేము. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించగా, కల్తీ దొరికినవి 12 మాత్రమే. అఫ్లటాక్సిన్ పరిమితి మించినవి 368. మనం భయపడేది నీళ్ళకు, భయపడవలసింది మేతకు.

నేరుగా పాడివారి వద్ద కొనడంలోని అసలు లాభం ఇక్కడే ఉన్నది. ప్యాకెట్ వెనుక ఉన్న మేతను మనం చూడలేము. ఊరి చివరి కొట్టంలోని మేతను చూడవచ్చును. నిప్పు చేయగల పని నిప్పుకు విడిచి, కన్ను చేయవలసిన పని కంటితో చేయాలి.

వాడుక పెట్టుకొనే ముందు

ఒకసారి పితికే వేళకు వెళ్ళి ఈ క్రింది విషయాలు మర్యాదగా విచారించండి.

1. ఏ పశువైనా ఈసుకుపోయిందా? పెయ్యలకు 4 నుండి 8 నెలల వయస్సులో బ్రూసెల్లా టీకా వేయించారా? 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం క్రింద ఈ టీకా వేస్తున్నారు.

2. చెక్క, తవుడు, ఎండుగడ్డి పొడిగా నిలువచేశారా? ముక్క వాసన, బూజు ఉంటే ఆ పాలు వద్దు.

3. పొదుగు కడిగి, తుడిచి, మొదటి ధారలు వేరుగా తీసి చూస్తున్నారా? పాలలో తరకలు, రక్తపు చారలు పొదుగువాపుకు గుర్తు.

4. మందు వాడిన పశువు పాలను పశువైద్యుడు చెప్పినన్ని రోజులు వేరుచేస్తున్నారా?

5. పశువు దూడకు చేపుతున్నదా, సూదికి చేపుతున్నదా? పాల కోసం పశువుకు హాని కలిగించే సూదులు పొడవడాన్ని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం నేరంగా పరిగణిస్తుంది.

లాక్టోమీటరు ఒక్కటే ప్రమాణం కాదు. మీగడ తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, తరువాత నీరు కలిపితే మళ్ళీ మామూలు అంకెకు వస్తుంది.

కాచే విధానం

పాలు ఇంటికి రాగానే వడగట్టి, అడుగు మందమైన గిన్నెలో పొయ్యి మీద పెట్టండి. పొంగు వచ్చిందంటే పాలు కాగాయని అనుకోకండి. పైన కట్టిన తెర ఆవిరిని అడ్డగించడం వల్ల పాలు బాగా మరగకముందే పొంగవచ్చును. పొంగగానే సెగ తగ్గించి, గరిటెతో కలియబెడుతూ మరి నాలుగైదు నిమిషాలు తెర్లనివ్వండి. తరువాత గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచి త్వరగా చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట సాయంకాలం మరొకసారి కాచాలి. కాచేటప్పుడు విరిగితే ఆ పాలు అప్పటికే పులిశాయన్నమాట.

మందాగ్ని కలవారు పాలలో నాలుగవ వంతు నీరు, చిటికెడు శొంఠిపొడి చేర్చి, నీరు ఇగిరే వరకు కాచి గోరువెచ్చగా త్రాగితే తేలికగా జీర్ణమవుతాయి. చేపలతోనూ, పుల్లని పండ్లతోనూ పాలు కలిపి తీసుకోవడం విరుద్ధాహారం.

చివరగా ధర విషయం. మంచి చెక్క, టీకా, పశువైద్యుడు, రోగం వచ్చినప్పుడు పారబోసే పాలు, దూడకు విడిచే చన్ను — వీటన్నిటికీ ఖర్చున్నది. లీటరుకు రెండు రూపాయలు తగ్గించమని ప్రతినెలా గీచి గీచి బేరమాడితే, పాడివాడు ఆ రెండు రూపాయలను మేతలోనో, మందు వాడిన పశువు పాలలోనో రాబట్టుకోక తప్పదు. తగిన ధర ఇచ్చి, నిజం చెప్పమని అడగండి. “ఈ వారం ఎర్రగేదెకు సూది వేయించామమ్మా, దాని పాలు పోయడం లేదు” అని తానై చెప్పే కుటుంబం దొరికితే ఆ వాడుకను విడువకండి. ఆ పాలను కూడా కాచే త్రాగండి.