‘బిల్లు రానీప్పా, ఇస్తాం’

ఈ సంచికలో కవితలు, కథలు వ్రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను దుడ్ల గురించి వ్రాస్తాను. అదీ రావలసి ఉండి రాని దుడ్ల గురించి.

మాది పత్తికొండ తాలూకా. వానలు లేని ఏడు జనం మూటాముల్లె కట్టుకొని గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పోనివాళ్ళకు ఊళ్ళో దొరికేది మట్టి పని, కట్టుబడి పని. హంద్రీ–నీవా కాలువ, పత్తికొండ రిజర్వాయరు, రోడ్లు, స్కూలు గదులు, ఇట్లా ఏదో ఒక పని మా వైపు జరుగుతూనే వచ్చింది. అయితే టెండరు వేసిన పెద్ద కాంట్రాక్టరు స్వయంగా పార పట్టడు గదా! అతని కింద ఒక సబ్ కాంట్రాక్టరు, వాని కింద మేస్త్రి, మేస్త్రి కింద గుంపు. పైనుంచి దిగే డబ్బు ప్రతి మెట్టు మీద కొంతసేపు కూర్చుంటుంది. ఒక్కోసారి అక్కడే నిద్రపోతుంది.

మా చిన్నాన్న ఇట్లాంటి సబ్ కాంట్రాక్టు చేసినవాడే. పని అయిపోయింది, కొలతలూ అయినాయి. అడగబోతే వచ్చిన సమాధానం ఒక్కటే: “పైనుంచి బిల్లు రాలేదప్పా, రానీ, ఇస్తాం.” ఈ మాటలో నిజమెంత, సాకెంత అన్నది తెలుసుకుందామనే నేను కాంట్రాక్టు చట్టం పుస్తకం తెరిచాను.

ముందు ఒక లెక్క చూడండి. పది లక్షల పని చేశాడనుకుందాం. అందులో డిపాజిట్టు కింద ఐదు శాతం, అంటే 50,000 పట్టుకుంటారు. డీజిలు, అడ్వాన్సుల కింద 3,00,000, సిమెంటు కింద 1,20,000 పోతాయి. చేతికి రావలసింది 5,30,000. కూలీలకు ఇవ్వాల్సింది 4,60,000. మిగులు డెబ్భై వేలు. ఆ బిల్లు ఆరు నెలలు ఆగితే? కూలీలు ఆగరు, ఆగమనడం న్యాయమూ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాడంటే నెలకు 9,200, ఆరు నెలలకు 55,200. అతనికి మిగిలింది 14,800. ఇంకో రెండు నెలలు గడిస్తే అదీ పోయి ఎదురు అప్పు. మోసం జరగకుండానే, ఆలస్యం ఒక్కటే మనిషిని ముంచుతుందన్నమాట.

డబ్బు పట్టడమంతా అన్యాయమని నేను అనను. గోడ పగిలితే బాగు చేయించడానికి కొంత మొత్తం గడువు దాకా ఉంచుకోవడం, ఇచ్చిన సామాను ఖరీదు కోసుకోవడం, ఆదాయపు పన్ను పట్టడం ఒప్పందంలోనో చట్టంలోనో ఉన్నవే. చిక్కంతా ‘నాకు వస్తేనే నీకు’ అన్న షరతుతో వస్తుంది. చెడ్డ పని చేసినందుకు కాదు, ఎవరో మూడోవాడు ఇవ్వనందుకు డబ్బు ఆగుతుంది. ఆ మూడోవాని మీద సబ్ కాంట్రాక్టరుకు మామూలుగా హక్కు లేదు. ఎందుకంటే, ఒప్పందం ఎవరితో ఉందో వాళ్ళనే అడగాలన్నది చట్టసూత్రం. డిపార్టుమెంటు దగ్గరికి పోతే “నువ్వెవరు?” అంటారు. అనుమతి లేకుండా పనిని సబ్ కాంట్రాక్టుకు ఇవ్వగూడదని ప్రభుత్వ ఒప్పందాల్లో ఉంటుంది గాబట్టి, చాలా సందర్భాల్లో వీని పేరు కాగితాల మీదనే ఉండదు.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. సర్ థామస్ మన్రో కలరాతో చనిపోయింది మా పత్తికొండలోనే, 1827 జూలై 6న. రైతుకూ సర్కారుకూ నడుమ దళారీ లేకుండా పట్టా నేరుగా రైతు పేరుతో ఉండాలన్న రైత్వారీ పద్ధతిని పాదుకొల్పినవాడాయన. శిస్తు వసూలు చేసుకోవడానికి నేరుగా పేరు వ్రాసుకున్న ప్రభుత్వం, పని చేసినవానికి డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం నాలుగు మెట్లు పెట్టుకుంది!

పైనుంచే రాకపోవడం కూడా కల్లగాదు. 2019కి ముందు చేసిన ఉపాధి హామీ పనుల బిల్లులు మన రాష్ట్రంలో ఏళ్ళ తరబడి ఆగినాయి. చివరికి 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ బకాయిలు 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆదేశించింది. కోర్టుకు పోగలిగినవాళ్ళ సంగతి అది. వాళ్ళ కింద కంకర తోలిన ట్రాక్టరు వానికి ఆ వడ్డీలో పైసా వచ్చిందో లేదో ఏ తీర్పులోనూ కనపడదు.

ఇతర దేశాలు ఏం చేశాయి? అమెరికాలో 1935 నాటి మిల్లర్ చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ పని తీసుకునే పెద్ద కాంట్రాక్టరు కిందివాళ్ళ చెల్లింపుకు ముందే పూచీకత్తు బాండు ఇవ్వాలి. ఇంగ్లండులో 1996 చట్టం ‘నాకు వస్తేనే నీకు’ అన్న షరతును, పైవాడు దివాలా తీసిన సందర్భంలో తప్ప, చెల్లదని తేల్చింది. మన దగ్గర ఆ షరతును నిషేధించే ప్రత్యేక చట్టం లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల గడువు, ఆ తర్వాత బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అంటుంది. వినడానికి బాగుంది. కానీ కట్టుబడి కాంట్రాక్టులు దాని కిందికి వస్తాయా రావా అన్న విషయంలో హైకోర్టులు ఒక్క మాట మీద లేవు.

కూలీల పరిస్థితి కొంత నయం. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది, అయితే అది యాభై మందీ అంతకు మించీ కాంట్రాక్టు కూలీలున్న చోట్లకే. మా ఊరి చిన్న పనుల్లో ఆ సంఖ్య యాడ చేరుతుంది? పైగా మేస్త్రి కూలీలతోబాటు ఎండలో నిలబడినా, వానికి రావలసింది చట్టం దృష్టిలో కూలి కాదు, బిల్లు. బిల్లు కోసం సివిలు కోర్టే గతి.

మరి కోర్టులో కాగితం లేనివాని మాట నిలుస్తుందా? నిలవవచ్చు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, రుజువు చేసుకోవడమే కష్టం. అదే చట్టం 70వ సెక్షను ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా న్యాయసమ్మతంగా ఒకరు చేసిన పని ఫలితాన్ని ఇంకొకరు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలి. బి.కె. మండల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు 1961 డిసెంబరులో, పద్ధతి ప్రకారం ఒప్పందం లేకపోయినా, అధికారుల కోరికపై కట్టిన కట్టడాలకు ప్రభుత్వం డబ్బు ఇవ్వవలసిందేనని చెప్పింది. ఇంకొక సంగతి: సగం డబ్బు చేతిలో పెట్టి “మొత్తం ముట్టింది” అని సంతకం చేయించుకోవడం మా వైపు మామూలు. ఒత్తిడితో తీసుకున్న అట్లాంటి రసీదు దానంతట అదే దావాకు అడ్డం కాదని 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఒత్తిడి జరిగిందని చూపించే భారం మాత్రం సంతకం చేసినవాని మీదే.

మా చిన్నాన్న దగ్గర ఒప్పంద పత్రం లేదు. ట్రిప్పులు వ్రాసిన నోటుబుక్కు, డీజిలు చీటీలు, సైటు ఇంజనీరు సంతకం పెట్టిన కొలతల కాగితం ఉన్నాయి. వకీలు అవన్నీ చూసి ముందు అడిగింది తేదీ. చెల్లింపుకు గడువు చెప్పుకోనప్పుడు, పని ముగిసిన నాటినుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. “రానీ, ఇస్తాం” అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆ గడియారం ఆగదు. అయితే ఆ మూడేళ్ళలోగా బాకీ ఉన్నట్లు పెద్ద కాంట్రాక్టరు కాగితం మీద సంతకం పెడితే, సంతకం నాటినుంచి మళ్ళీ మూడేళ్ళు. ఇప్పుడు చిన్నాన్న తిరుగుతున్నది డబ్బు కోసం కాదు, ఆ ఒక్క సంతకం కోసం. ఇంకా పదకొండు నెలలు ఉంది.