ఎర్రరాళ్ల మెట్ల మీద ఇంటిల్లిపాదీ

అమెరికాలోని యూటా రాష్ట్రంలో జయాన్ నేషనల్ పార్కు నుంచి బ్రైస్ క్యాన్యన్‌కు సుమారు 135 కిలోమీటర్లు. కారులో రెండు గంటల దారి. జులై మధ్యాహ్నం ఏసీ పెంచుకుంటూ జయాన్‌లో బయల్దేరిన కుటుంబం, ఆ రాత్రి బ్రైస్‌లో టెంటు వేసుకుని స్వెట్టర్ల కోసం డిక్కీ అంతా గాలిస్తుంది. జయాన్‌లో టెంట్లు వేసుకునే చోటు సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటే, బ్రైస్‌లో 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. కింద నలభైకి చేరువైన ఎండ, పైన తెల్లవారుజామున పది డిగ్రీల దగ్గర చలి. ఈ దారిలో ప్లాను వేసుకునేవాళ్లు కిలోమీటర్ల కంటే ముందు మీటర్లు చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తెలుగు తల్లిదండ్రులు చాలామంది గ్రాండ్ క్యాన్యన్ చూసే ఉంటారు. లాస్ వేగాస్‌లో హోటలు, పొద్దున్నే కారో బస్సో, రెయిలింగ్ పక్కన ఫొటోలు, రాత్రికి మళ్లీ హోటలు. అదే ప్రాంతాన్ని వారం పది రోజులు గుడారాల్లో పడుకుంటూ చుట్టి రావడం వేరే సంగతి. ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ. పిల్లలకు మాత్రం పండగే.

యూటా నుంచి అరిజోనా దాకా నేల మెట్లు మెట్లుగా దిగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి గ్రాండ్ స్టెయిర్‌కేస్ అని పేరు పెట్టారు. పై మెట్టు బ్రైస్. అక్కడి గులాబీ రంగు సున్నపురాయి సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట సరస్సుల అడుగున పేరుకున్నది. పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, ఆ రాతిని స్తంభాలుగా చీల్చాయి. నడిమి మెట్టు జయాన్. 18 కోట్ల ఏళ్ల నాటి ఇసుక దిబ్బలు గట్టిపడి 600 మీటర్ల మందాన గోడలయ్యాయి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పొరలు వాలుగా పడ్డ గీతలు చెకర్‌బోర్డ్ మీసా అనే గుట్ట మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అది రోడ్డు పక్కనే ఉంది, కారాపి పిల్లలకు చూపించవచ్చు. కింది మెట్టు గ్రాండ్ క్యాన్యన్. దాని అంచున 27 కోట్ల ఏళ్ల రాయి, అడుగున కొలరాడో నది ఒడ్డున 170 కోట్ల ఏళ్ల నల్లరాయి.

ఆ నల్లరాయి పేరు విష్ణు షిస్ట్. 1880ల్లో ఇక్కడ పరిశోధించిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్, ఆయన బాటలో తర్వాతివారు ఇక్కడి శిఖరాలకు తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టారు. విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అన్నీ కొండలే. కొబ్బరికాయ పట్టుకెళ్లనక్కర్లేదు. గండికోట చూసినవాళ్లకు ఇంకో మాట: అక్కడ పెన్నా కోసిన రాళ్లు వంద కోట్ల ఏళ్లు పైబడినవి. వాటి ముందు జయాన్ గోడలు నిన్నగాక మొన్నటివి.

ఎత్తు ప్రభావం వంట మీదా పడుతుంది. 2,400 మీటర్ల ఎత్తున నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి డిక్కీలో పడేసుకుంటే ఆ బాధ ఉండదు. మొదటిరోజుకు పులిహోర, చపాతీలు ఎలాగూ ఉంటాయి. ఎండాకాలంలో కట్టెల మంట మీద తరచు నిషేధం ఉంటుంది కాబట్టి గ్యాస్ స్టవ్ తప్పనిసరి. తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు లెక్క వేసుకోవాలి. దాహం వేయలేదని పిల్లలు చెప్పే మాట నమ్మకూడదు. పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు.

పార్కుల్లో టెంటు స్థలాలు చాలావరకు ఆరు నెలల ముందే ఆన్‌లైన్‌లో బుక్కయిపోతాయి. దొరకనివాళ్లకు పార్కుల బయట ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా టెంటు వేసుకునే వీలుంది. నీళ్లు, టాయిలెట్ ఉండవు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దాని జోలికి పోకపోవడమే మంచిది.

బ్రైస్ దాటాక హైవే 12. కొన్నిచోట్ల రోడ్డుకు రెండువైపులా లోయే. దారిలో ఉన్న బౌల్డర్ అనే ఊరికి 1930ల దాకా ఉత్తరాలు కంచరగాడిదల మీద వచ్చేవి. అక్కడి నుంచి రోడ్డు 2,900 మీటర్లకు ఎక్కి, మళ్లీ 1,700 మీటర్లకు, క్యాపిటల్ రీఫ్ పార్కులోని ఫ్రూటాకు దిగుతుంది. 1880ల్లో స్థిరపడిన మోర్మన్ కుటుంబాలు వేసిన పండ్లతోటలు అక్కడ ఎర్రకొండల నడుమ ఇంకా కాస్తున్నాయి. చెర్రీలు, ఆప్రికాట్లు, పీచ్‌లు, ఆపిళ్లు. తోట తెరిచిన రోజుల్లో చెట్టు కిందే కోసుకు తింటే డబ్బులడగరు. మొత్తం దారిలో రెండు రాత్రులు ఉండదగ్గ చోటు ఏదంటే ఇదే.

భయపడాల్సింది వరదకు. జులై నుంచి సెప్టెంబరు సగం దాకా ఇక్కడ మధ్యాహ్నపు ఉరుముల వానలు పడతాయి. రాతినేల నీటిని పీల్చుకోదు. ఎక్కడో పడ్డ వాన ఇరుకు సందుల్లోకి గోడలా దూసుకొస్తుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని ఆంటిలోప్ క్యాన్యన్‌లో పదకొండు మంది అలాగే కొట్టుకుపోయి చనిపోయారు. వాన పడింది అక్కడికి కిలోమీటర్ల దూరంలో, ఎగువన. ఆ స్థలం నవహో జాతివారిది. ఇప్పుడు గైడు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. అసలు ఏప్రిల్, మే నెలల్లోనో, సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు దాకానో వెళ్తే ఎండ, వరద రెండు బెడదలూ తగ్గుతాయి.

ఆంటిలోప్ టికెట్ కొన్నవాళ్లు గడియారం సంగతీ చూసుకోవాలి. వేసవిలో యూటా గడియారం గంట ముందుకు జరుగుతుంది, అరిజోనాది జరగదు, అరిజోనాలోనే ఉన్న నవహో ప్రాంతానిది జరుగుతుంది. ఆంటిలోప్ టూర్లు మాత్రం పక్కనున్న పేజ్ ఊరి టైమునే, అంటే అరిజోనా టైమునే పాటిస్తాయి. సెల్‌ఫోన్ టవర్ మారినప్పుడల్లా టైము మారిపోతుంటే పిల్లలు నవ్వుతారు, నడిపేవారికి మాత్రం చిరాకు.

చివరి మజిలీ గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు, 2,100 మీటర్లు. అడుగుకు దిగితే వేడి పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. దిగేటప్పుడు ఉత్సాహంగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినవారు ఒక్కరోజులో నది దాకా దిగి రావాలనుకోవడం మొండితనం. అంచు వెంబడే ట్రైల్ ఆఫ్ టైమ్ అనే చదునైన బాట ఉంది. అందులో ఒక మీటరు పది లక్షల ఏళ్లకు లెక్క. దారి పొడవునా లోయలోని రాళ్ల నమూనాలు వయసు వరసలో పెట్టారు, ముట్టుకోవచ్చు కూడా. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ సైతం విష్ణు షిస్ట్ దాకా మెల్లగా నడిచి వెళ్లి, తిరుగు దారిలో పార్కు వారి ఉచిత బస్సెక్కి వచ్చేయవచ్చు.