పొలముగట్టున కావలియుండు నేల పెంకుపురుగులు

రాత్రివేళ దీపము పట్టుకొని పొలముగట్టు వెంట నడచినవారికి, పాదముల ముందు చరచర పరుగెత్తి మట్టిపెళ్లల క్రింద దూరు నల్లని పురుగులు కనబడియే యుండును. పగటిపూట రాయి కదల్చినను, ఎండుగడ్డి తొలగించినను అవి బయటపడును. ఇవియే నేల పెంకుపురుగులు. పెంకుపురుగు అనగానే రైతునకు హిస్పా జ్ఞప్తికి వచ్చుట సహజము. వరికి తాటాకు తెగులు తెచ్చు ఆ హిస్పాయును పెంకుపురుగే. తప్పు ఒకరిది, శిక్ష మరొకరికి అన్నట్లు, ఏ పాపమెరుగని ఈ నేల పురుగులును కనబడినచోటనే కాలిక్రింద నలుగుచున్నవి.

ఈ కుటుంబమున ప్రపంచమందు సుమారు 40,000 జాతులు కలవు. కొన్ని కలుపు విత్తనములను తినును. పెక్కు జాతులు ఇతర పురుగులను వేటాడి బ్రదుకును. మన మెట్టప్రాంతములలో కనబడు నల్లని పెద్ద పురుగు, వీపున ఆరు తెల్లని చుక్కలు గలది, ఈ కుటుంబములోనిదే. దానిని చేత పట్టరాదని పిల్లలకు చెప్పియుంచుట మంచిది. అది చిమ్ము ఆమ్లము కంట బడినచో తీవ్రమైన మంట పుట్టును.

వరిపైరునకు మేలు చేయునది దీనికన్న చాల చిన్నది. చీమవలె సన్నగా, ఎర్రని మేనిపై నల్లని అడ్డుపట్టీతో నుండును. శాస్త్రజ్ఞులు దీనిని ఓఫియోనియా అందురు. ఆకుముడత పురుగు ఆకును మడచుకొని లోపల దాగి పచ్చదనమును గీకి తినునపుడు, పైన చల్లిన మందు దానిని చేరుట కష్టము. ఈ పెంకుపురుగు ఆ మడతలోనికే దూరి దానిని పట్టుకొనును. ఒక్కొక్కటి దినమునకు 3 నుండి 5 పురుగులను తినునని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు తెలిపియున్నారు. సుడిదోమను కూడ తినును. దీని పిల్లపురుగులును వేటగాండ్రే. అవి ప్యూపా దశ గడుపుటకు గట్టుమట్టిలోనికో, నీరులేని పొడినేలకో చేరును. గట్టుపై గడ్డికి నిప్పు పెట్టినపుడు, అక్కడ దాగిన జీవులకు ముప్పు కలుగుచున్నదను సంగతి మనము తలపము.

మందు మితిమీరినపుడు కలుగు ఫలమును ఇండోనేషియా దేశము చవిచూచినది. మందులు చల్లినకొలదియు సుడిదోమ అక్కడ బలిసినది. దోమను తిను జీవులు ముందుగా నశించుటయే ఇందుకు ముఖ్య కారణమని తేలినది. 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 పురుగుమందుల వాడకమును నిషేధించెను.

ఇంగ్లండు సంగతి మరియొక తీరు. యంత్రములు తిరుగుటకు అనుకూలముగా పొలముల నడుమనున్న కంచెలను తొలగించిన ఆ దేశమున, 1980 తరువాత పొలము మధ్య క్రొత్తగా మట్టికట్టలు పోసి, గుబురుగడ్డి పెంచిరి. ఈ పురుగులు చలికాలము తలదాచుకొనుటకే ఆ శ్రమయంతయు. రెండవ చలికాలమునకే కొన్ని కట్టలలో చదరపు మీటరునకు వేయికి పైగా వేటాడు జీవులు లెక్కకు వచ్చినవి. మనకు పెద్దలు వేసిన గట్లు సిద్ధముగానే యున్నవి.

అయితే ఎలుకల బొరియలున్న గట్టును త్రవ్వవలదని ఎవరును చెప్పరు. దోమ ఉధృతముగా నున్నపుడు ఈ పురుగులే చాలునని చెప్పుటయు సరికాదు. దుబ్బుల మొదట దోమను లెక్కించి, వ్యవసాయ శాఖవారి సలహాపై మందు వాడవలసినదే. పంచాయతీ సభ్యులు గ్రామసభలో అడుగదగినది స్వల్పము: గట్లకు నిప్పు పెట్టకుండుట, గడ్డి కోయునపుడు ఒక పక్క కోసి రెండవ పక్కను కొన్నాళ్లు విడుచుట.

నమ్మని రైతులుండిన ఒక పరీక్ష కలదు. ఒక గాజుగ్లాసును అంచు నేలకు సమముగా నుండునట్లు గట్టులో పాతి, వాన పడకుండ పైన చిన్న పెంకు కొంచెము ఎత్తుగా నిలుపవలెను. బడిపిల్లలు కూడ చేయగల పని ఇది. తెల్లవారి చూచి, పడిన పురుగులను లెక్క వ్రాసికొని, మరల గట్టుమీదనే విడువవలెను.